వానకు తడవని బూట్లు: ఔరాద్ దారుల్లో పరుగెత్తేవారికి ఎంతవరకు పనికొస్తాయి?

మృగశిర కార్తె ప్రవేశించి నేల తడవగానే ఔరాద్ తాలూకా పల్లెల్లో రైతులు పెసర, మినుము, సోయా, కంది విత్తనాలతో చేలల్లోకి దిగుతారు. అదే సమయంలో, ఇంకా తెల్లవారకముందే, మరికొందరు రోడ్ల మీదికి వస్తారు. వీరు పోలీసు, సైనిక ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమవుతున్న యువతీ యువకులు. సంతపూర్, చింతాకి పరిసరాలలోనూ, బీదర్ రోడ్డు వెంబడిని, సరిహద్దు దాటితే నారాయణఖేడ్, దెగ్లూర్ వైపు దారులలోనూ వీరు గుంపులుగా కనబడతారు. ఆటమైదానం అందుబాటులో లేని ఊళ్లలో తారురోడ్డే వారికి మైదానం.

వానాకాలం వచ్చిందంటే వీరికి తొలుత ఎదురయ్యే చిక్కు కాళ్ల దగ్గరే. పది నిమిషాలు పరుగెత్తేసరికి బూట్లు నీళ్లు తాగి బరువెక్కుతాయి. మరునాటికి ఆరవు. మూడవ రోజుకు వేళ్ల సందులు పాచి మంట పుడతాయి. ఈ స్థితిలో ఎవరో ఒకరు ఫోనులో ఒక ప్రకటన చూపిస్తారు: నీటిలో ముంచినా లోపలికి తడి రాని పరుగు బూట్లు. పేరున్న కంపెనీలవైతే ధర పది వేల రూపాయలకు పైమాటే. ఒక్క పంట మీద ఏడాదంతా గడపవలసిన ఇంట్లో ఆ సొమ్ము ఎకరం సేద్యపు ఖర్చులో చెప్పుకోదగిన భాగం. పిల్లవాని ఉద్యోగం కోసం అప్పు చేసైనా కొనిపెడదామనుకునే తల్లిదండ్రులు ముందుగా ఆ బూటు ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలుసుకోవడం అవసరం.

మూడు సెకన్ల విలువ

సరిహద్దు పల్లెల వారికి పరీక్షలు కూడా ఒక తీరుగా ఉండవు. కర్ణాటక సివిల్ పోలీసు కానిస్టేబుల్ నియామకాలలో పురుషులు 1600 మీటర్లను 6 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. మహిళలు 400 మీటర్లను 2 నిమిషాలలో. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు, మహిళలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు గడువు. కేంద్ర బలగాల జీడీ కానిస్టేబుల్ పరీక్షలో పురుషులు 5 కిలోమీటర్లను 24 నిమిషాలలో, మహిళలు 1.6 కిలోమీటర్లను ఎనిమిదిన్నర నిమిషాలలో పరుగెత్తాలి. సైన్యంలో అగ్నివీర్ ఎంపికకు 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవారికే పరుగులో పూర్తి 60 మార్కులు దక్కుతాయి. గడువులు నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటాయి గనుక దరఖాస్తు చేసేవారు ఆ ఏటి కాగితాన్నే చూసుకోవాలి.

ఈ అంకెలకూ బూటు బరువుకూ నేరుగా సంబంధం ఉంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, పరుగెత్తేవారికి తెలియకుండా బూట్లలో బరువు చేర్చి 3000 మీటర్లు పరుగెత్తించారు. ఒక్కొక్క బూటుకు 100 గ్రాములు పెరిగితే పరుగుకు పట్టే సమయం సగటున 0.78 శాతం పెరిగింది. ఆ లెక్కను 6 నిమిషాల 30 సెకన్ల పరుగుకు అన్వయిస్తే సుమారు మూడు సెకన్లు. మూడు సెకన్లేనా అనిపించవచ్చు. గీత దగ్గర నిలబడి ఈల వేసే అధికారి ఎదుట మూడు సెకన్లంటే ఉద్యోగం ఉండటం, లేకపోవడం.

తడిసిన బూటు ఎంత బరువెక్కుతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఊళ్లోని కిరాణా దుకాణంలో త్రాసు ఉంటుంది. పొడి బూటును ఒకసారి, వానలో అరగంట పరుగెత్తి వచ్చాక మరొకసారి తూకం వేయిస్తే చాలు. దళసరి స్పాంజి, గుడ్డ అస్తరు ఉన్న చవక బూట్లు ఎంత నీరు తాగుతాయో, పలుచని జాలీ బూట్లు ఎంత తక్కువ తాగుతాయో అక్కడే తేలిపోతుంది. ఈ లెక్క చేతిలో ఉంచుకుంటే తక్కినదంతా సులువుగా బోధపడుతుంది.

పొర వెనుక కథ

చెప్పులు తడవకుండా చూసుకునే ప్రయత్నం కొత్తది కాదు. తోలు చెప్పులకు ఆముదం పట్టించి వానాకాలానికి సిద్ధం చేయడం దక్కను పల్లెలలో పెద్దలకు తెలిసిన పనే. నూనె తోలు రంధ్రాలలో చేరి నీటిని చొరనీయదు. కానీ ఆ తోలు గాలినీ ఆడనీయదు. రబ్బరు బూటుదీ అదే కథ. బయటి నీరు లోపలికి రాదు, లోపలి చెమట బయటికి పోదు. మనిషి రెండు పాదాలలో కలిపి సుమారు రెండున్నర లక్షల స్వేదగ్రంథులుంటాయని వైద్యులు చెబుతారు. గమ్‌బూటు తొడిగి పది నిమిషాలు పరుగెత్తితే వాన లేకుండానే కాలు తడిసిపోతుంది.

నీటిని ఆపాలి, ఆవిరిని వదలాలి. ఈ రెండూ కుదిరిన పదార్థం 1969లో దొరికింది. అమెరికాలో బాబ్ గోర్ అనే ఇంజినీరు, టెఫ్లాన్ పేరుతో వంటపాత్రలకు పూసే పదార్థపు కడ్డీలను వేడిచేసి నెమ్మదిగా సాగదీయడానికి ప్రయత్నిస్తూ ఉండేవాడు. అవి తెగిపోయేవి. విసుగెత్తి ఒకదానిని ఒక్కసారిగా గుంజాడు. అది తెగకుండా కొన్ని రెట్లు సాగి, లోపల కంటికి కనబడని రంధ్రాలతో నిండిన తెల్లని పొరగా మారింది. అదే తరువాత గోర్‌టెక్స్ అనే పేరుతో 1976 నుంచి బజారులోకి వచ్చింది. ఆ పొరలోని ఒక్కొక్క రంధ్రం నీటిబొట్టు కంటే సుమారు ఇరవై వేల రెట్లు చిన్నది. నీటి ఆవిరి అణువు కంటే వందల రెట్లు పెద్దది. కనుక బొట్టు ఆగిపోతుంది, ఆవిరి సాగిపోతుంది. ఇప్పుడు ఇతర కంపెనీలు కూడా తమ తమ పేర్లతో ఇటువంటి పొరలను తయారుచేస్తున్నాయి. పాత పదార్థంలోని ఫ్లోరిన్ రసాయనాలు నేలలో, నీటిలో కరగకుండా నిలిచిపోతాయన్న విమర్శ పెరగడంతో గోర్ సంస్థ 2022లో పాలిథిలీన్‌తో చేసిన కొత్త పొరను కూడా తెచ్చింది.

బూటులో ఈ పొర పైకి కనబడదు. బయటి గుడ్డకూ లోపలి అస్తరుకూ మధ్య మేజోడులాగా కుట్టి, కుట్ల మీద పట్టీ అతికిస్తారు. బయటి గుడ్డకు వేరుగా ఒక పూత ఉంటుంది. తామరాకు మీదా చేమాకు మీదా నీటిబొట్టు నిలవకుండా జారిపోవడం అందరూ చూసినదే. ఈ పూత చేసే పని అదే. కొన్ని వారాల వాడకంలో బురదకు, రాపిడికి పూత అరిగిపోతుంది. అప్పుడు బయటి గుడ్డ నీళ్లు పీల్చి తడిముద్దవుతుంది. లోపలి పొర చెక్కుచెదరకపోయినా, దాని మీద తడిగుడ్డ కప్పినట్లయి ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. ‘వాటర్‌ప్రూఫ్ అన్నారు, కాలు తడిసింది’ అని చాలామంది చేసే ఫిర్యాదులో అనేకసార్లు ఆ తడి వానది కాదు, సొంత చెమటది.

అక్కడి మంచు, ఇక్కడి వాన

ఈ పొర దానంతట అది చెమటను బయటికి తోయదు. ఆవిరి ఎక్కువగా ఉన్న చోటి నుంచి తక్కువగా ఉన్న చోటికి తానే సాగుతుంది. లోపల వెచ్చగా, చెమ్మగా ఉండి బయట చల్లగా, పొడిగా ఉంటే పొర చక్కగా పనిచేస్తుంది. బయటి గాలి కూడా చెమ్మతో నిండి ఉంటే ఆ సాగడం మందగిస్తుంది.

ఔరాద్ సంగతి ఇక్కడే తేలుతుంది. బీదర్ పీఠభూమి కర్ణాటకలో చలి ఎక్కువగా పడే ప్రాంతాలలో ఒకటి. డిసెంబరు, జనవరి ఉదయాలలో ఉష్ణోగ్రత పది డిగ్రీల దరిదాపులకు, కొన్ని ఏళ్లలో అంతకంటే దిగువకు పోతుంది. ఆ గాలి పొడిగాలి. అటువంటి ఉదయం ఈ బూట్లు అద్భుతంగా పనిచేస్తాయి. కానీ ఆ నెలల్లో వాన ఉండదు, రోడ్డు మీద నీరుండదు. నీరు పారే జూలై, ఆగస్టు నెలల్లోనేమో గాలి చెమ్మతో బరువెక్కి ఉంటుంది. లెక్క కడితే చలికాలపు ఉదయంతో పోల్చినప్పుడు ఆవిరిని బయటికి లాగే శక్తి ఇంచుమించు సగానికి పడిపోతుంది. బూటు అవసరమైన కాలంలో సరిగా పనిచేయదు. సరిగా పనిచేసే కాలంలో అవసరం ఉండదు. చికాగోలో చదువుకునే తెలుగు పిల్లలకు ఇవి నిజంగా అక్కరకొస్తాయి. అక్కడ మంచు కరిగి రోడ్ల మీద చిత్తడిగా ఉంటుంది, గాలి గడ్డకట్టే చలితో ఉంటుంది. తడి, చలి ఒకే రోజున వస్తాయి. అందుకే బ్రూక్స్, ఆసిక్స్, నైకీ, హోకా వంటి కంపెనీలు తమ మామూలు పరుగు బూట్లకే పొర చేర్చి శీతల దేశాల చలికాలానికి అమ్ముతాయి. అక్కడున్న అన్నో అక్కో పంపిన జత చూసి మురిసిపోవడంలో తప్పులేదు గానీ, దానిని ఆషాఢంలో తొడగడం మాత్రం ఆలోచించవలసిన విషయం.

ఇంకొక చిక్కు బూటు పైభాగాన ఉంది. ఎంత గొప్ప పొరైనా చీలమండ దగ్గర కాలు దూర్చే కంత ఉండనే ఉంటుంది. రోడ్డు మీది గుంత అడుగు లోతు లేకపోయినా, కాలు వేసిన విసురుకు నీరు ఎగిరి పైనుంచి లోపలికి పోతుంది. పిక్కల మీద పడ్డ వాన కూడా మేజోళ్ల వెంట దిగుతుంది. జాలీ బూటైతే నాలుగు అడుగులలో ఆ నీటిని కక్కేస్తుంది. పొర ఉన్న బూటు దానిని చెంబులో పట్టినట్లు పట్టి ఉంచుతుంది. బయటి నీటిని ఆపిన పొరే లోపలి నీటిని కూడా ఆపుతుంది మరి.

నీటిలో పరుగెత్తడమే వృత్తిగా పెట్టుకున్నవారు ఏం చేస్తారో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. ఔరాద్‌కు పొరుగునే ఉన్న మరాఠ్వాడాలో, బీడ్ జిల్లా మాండ్వా గ్రామంలో రైతు కుటుంబాన పుట్టిన అవినాశ్ సాబ్లే 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్ పరుగు వీరుడు. ఆ పందెంలో 28 అడ్డుకర్రలతో పాటు ఏడుసార్లు నీటిగుంట దాటాలి. ఇంటర్ ముగించి సైన్యంలో చేరి, సియాచిన్ మంచులోనూ రాజస్థాన్ ఎడారిలోనూ కొలువు చేసిన తరువాతే ఆయన పరుగు పందేలకు వచ్చాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో రజతం, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచాడు. 2024 జూలైలో పారిస్‌లో 8 నిమిషాల 9.91 సెకన్లతో జాతీయ రికార్డు నెలకొల్పాడు. ఈ పందెం కోసం తయారుచేసే బూట్లు నీటిని ఆపాలని చూడవు. పలుచని జాలీతో, నీళ్లు పట్టుకునే స్పాంజి లేకుండా, లోపలికి వచ్చిన నీరు మరుక్షణమే పోయేలా కుడతారు. హైదరాబాదులో ఏటా ఆగస్టు చివర జరిగే మారథాన్ కూడా వానాకాలపు పరుగే. అక్కడ గంటల తరబడి పరుగెత్తేవారికైనా త్వరగా ఆరే జాలీ బూటే మేలు.

పొర బూట్లకు ఇక్కడ అసలు చోటే లేదని కాదు. కార్తీకం తరువాత పొద్దున్నే చేనిగట్ల మీద, మైదానపు గడ్డి మీద నడిచేవారికి మంచుబిందువులతో కాలు తడిసిపోతుంది. ఆ తడి పైనుంచి కురిసేది కాదు, పక్కనుంచి అంటేది. గాలి కూడా చల్లగా, పొడిగా ఉంటుంది. అక్కడ అవి చక్కగా పనికొస్తాయి. మధుమేహంతో పాదాలు మొద్దుబారిన పెద్దలు ఉదయపు నడకకు వెళుతుంటే, పాదం పొడిగా ఉండటం వారికి సుఖం మాత్రమే కాదు, రక్షణ. తడికి మెత్తబడిన చర్మం చిట్లినా వారికి తెలియదు, ఆ పుండు త్వరగా మానదు. ఇంట్లో ఒక్క జతకే సొమ్ము ఉంటే, అది పరుగెత్తే కొడుకు కంటే నడిచే తండ్రికే ఎక్కువ అవసరం కావచ్చు.

గొంగడి చెప్పిన పాఠం

బూటు కంటే మేజోడు మీద శ్రద్ధ పెట్టడం మేలు. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. తడిసిన నూలు మేజోడు కాలికి అంటుకొని చలిని పట్టి ఉంచుతుంది, రాపిడికి బొబ్బలు లేపుతుంది. గొర్లకాపరి వానలో నూలు దుప్పటి కప్పుకోడు. గొంగడి కొప్పెర వేసుకుంటాడు. గొంగడి తడుస్తుంది, బరువెక్కుతుంది, అయినా లోపల వెచ్చదనం పోదు. ఉన్ని పోగు నీటిని తన లోపల దాచుకుంటుంది, పోగుల నడుమ గాలి మిగులుతుంది. చల్లని ప్రాంతాలలో పరుగెత్తేవారు పలుచని ఉన్ని మేజోళ్లు వాడటం వెనుక ఉన్న రహస్యం ఇదే. ఔరాద్ సంతలో అవి దొరకకపోవచ్చు. పాలిస్టరు, నైలాను కలిసిన పలుచని క్రీడా మేజోళ్లు దొరుకుతాయి. వానాకాలానికి అవి చాలు. నూలువి మాత్రం వద్దు. పరుగుకు ముందు వేళ్ల సందుల్లో, మడమ మీద కొబ్బరినూనె గానీ వాసెలిన్ గానీ పలుచగా రాస్తే నీరు చర్మాన్ని త్వరగా మెత్తబరచదు.

చలికాలానికి చవకైన ఉపాయం ఇంకొకటి ఉంది. జాలీ బూటు ముందుభాగాన, వేళ్ల మీదుగా, వెడల్పాటి అతుకు పట్టీ అంటిస్తే ఎదురుగాలి లోపలికి దూరదు. వేళ్లు కొంకర్లు పోవు. ఎండ ఎక్కాక పట్టీ పీకేయవచ్చు. పది రూపాయలలో పది వేల పని కాకపోయినా అందులో కొంత జరుగుతుంది.

రేగడి, పాకుడు, లారీ

కాలు తడవడం కంటే కాలు జారడం ప్రమాదకరం. బీదర్, హుమ్నాబాద్ వైపు ఎర్రని జేగురు నేల ఎక్కువ. ఔరాద్ వైపు ఎక్కువగా నల్లరేగడి. రేగడిలోని బంకమన్ను నీరు తాగి ఉబ్బుతుంది, అడుగు వేస్తే అట్టలు అట్టలుగా బూటుకు పట్టుకుంటుంది. రోడ్డు దిగి పది గజాలు నడిస్తే చాలు, పావుకిలో బూటు అరకిలో అయినట్లుంటుంది. రోడ్డు పరుగు కోసం చేసిన బూట్ల అడుగున గాడులు లోతు తక్కువ. వాటిలో ఈ మన్ను నిండితే అడుగు నున్నని పలక అవుతుంది. ఆ కాలుతో మళ్లీ తారు మీదికి ఎక్కగానే జారుతుంది. ఎక్కేముందు పుల్లతో గీరుకోవడం, గడ్డి మీద రాసుకోవడం తప్పనిసరి.

తొలకరి రోజులలో తారురోడ్డు కూడా నమ్మదగినది కాదు. వేసవి అంతా పేరుకున్న నూనె, దుమ్ము మొదటి జల్లుకు కలిసి జారుడు పూతలా తయారవుతాయి. గట్టి వాన ఒకటి రెండు పడి కడిగేసిన తరువాత కొంత నయం. ఊరి లోపలి సీసీ రోడ్లలో నీడపట్టున పాకుడు పడుతుంది. రోడ్డు మీది తెల్లరంగు చారలు, మోరీల మీది ఇనుప మూతలు తడిస్తే గాజులా ఉంటాయి. ఇటువంటి చోట్ల అడుగు పొడవు తగ్గించి, పాదం శరీరానికి నేరుగా కిందపడేలా పరుగెత్తాలి. కొన్నిసార్లు పొర ఉన్న ఖరీదైన బూటు కంటే అడుగున గట్టి రబ్బరు, స్పష్టమైన గాడులు ఉన్న మామూలు బూటు మేలు. దుకాణంలో బూటు తిప్పి అడుగు చూసేవారు తక్కువ. ముందుగా చూడవలసింది అదే.

వాగులు పొంగినప్పుడు బూటు ప్రసక్తే లేదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కురిసిన కుంభవృష్టి ఈ ప్రాంతం వారెవరూ మరచిపోలేదు. లోలెవల్ వంతెన మీద మోకాలి లోతు నీరు పారుతుంటే చూడటానికి నెమ్మదిగానే ఉంటుంది. మనిషిని పడదోయడానికి ఆ లోతు చాలు. ఆ రోజు పరుగు మానుకొని ఇంటి వసారాలో గుంజీలు తీయడం ఉత్తమం.

చలికాలంలో ప్రమాదం మరొక రూపంలో వస్తుంది. జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఇంచుమించు ఆరుముప్పావు వేళకు. ఐదింటికి బయలుదేరినవారు గంటన్నర పైగా చీకటిలో, కొన్నిసార్లు పొగమంచులో ఉంటారు. అదే కాలంలో చెరకు ట్రాక్టర్లు రెండేసి ట్రాలీలతో, చాలావరకు వెనుక దీపాలు లేకుండా తిరుగుతుంటాయి. మన దేశంలో వాహనాలు ఎడమవైపున నడుస్తాయి గనుక పరుగెత్తేవారు కుడివైపున, ఎదురుగా వచ్చే బండి కనబడేలా వెళ్లాలి. గుంపుగా ఉంటే వరుసగా ఒకరి వెనుక ఒకరు. నల్లని బనియను మానుకోవాలి. సైకిళ్లకు, ట్రాలీలకు అంటించే మెరిసే పట్టీ చిన్న ముక్క మడమ వెనుక, నడుము వెనుక అంటించుకుంటే దూరం నుంచే డ్రైవరు కంటపడుతుంది. కదులుతున్న మడమ మీది మెరుపు మనిషిని వెంటనే గుర్తుపట్టిస్తుంది. చెవుల్లో పాటలు పెట్టుకొని పరుగెత్తడం ఈ దారులలో చేయదగినది కాదు.

కొనే ముందు

ప్రకటనలలో రెండు మాటలు వినబడతాయి. ‘వాటర్ రెసిస్టెంట్’ అంటే చిరుజల్లును కాసేపు ఓర్చుకుంటుంది. ‘వాటర్‌ప్రూఫ్’ అంటే లోపల పొర ఉంది. మొదటి దానికి రెండవ దాని ధర పెట్టి మోసపోయేవారు ఉన్నారు. పేరున్న కంపెనీ గుర్తును పోలిన నకిలీ గుర్తులు కూడా కొల్లలు. లోపలి అట్ట తీసి చూస్తే, నిజమైన పొర బూటులో అస్తరు ఎక్కడా తెగకుండా, నాలుక రెండు ప్రక్కలా కూడా మూసి, సంచిలా ఉంటుంది. నాలుక పక్కన ఖాళీ కనబడితే అది వాటర్‌ప్రూఫ్ బూటు కాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి జత 2500 రూపాయల వరకు ఉన్న పాదరక్షల మీద జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. పరుగు సాధనకు సరిపడే మంచి జాలీ బూట్లు ఆ 2500 లోపే దొరుకుతాయి. పది వేల జత ఒకటి కొనేకన్నా అటువంటివి రెండు జతలు కొని రోజు మార్చి రోజు తొడగడం అన్నివిధాలా లాభం. ఒకటి ఆరుతుండగా ఇంకొకటి పనిలో ఉంటుంది, రెండూ ఎక్కువకాలం మన్నుతాయి.

పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం చూడటం మరచిపోరాదు. సంతలలో, తగ్గింపు అమ్మకాలలో ఏళ్ల తరబడి గోదాములో మగ్గిన సరుకు వస్తుంది. పాలియురేథేన్ అడుగు ఉన్న బూట్లు వాడకుండా ఉంచినా గాలిలోని చెమ్మకు లోలోపల శిథిలమవుతాయి. పైకి కొత్తగా మెరుస్తాయి, తొడిగిన వారానికే అడుగు పొడిపొడిగా రాలుతుంది. కొన్నవాడు తన కాలినే తిట్టుకుంటాడు.

కొలత చూసుకోవడానికి సాయంత్రం వేళ మంచిది, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగుకు వాడే మేజోడు తొడిగే చూసుకోవాలి. పెద్దవేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. చిన్న పట్టణాలలో ఆడపిల్లల కొలతలు ఉండవు. దుకాణదారు పెద్ద సైజు ఇచ్చి దూది కూరమంటాడు. అది పనికిరాదు. అబ్బాయిల చిన్న సైజులలో సరిపోయేది వెదకడం, లేదా బీదర్‌కో ఉద్‌గీర్‌కో వెళ్లినప్పుడు తెచ్చుకోవడం మేలు.

ఆరబెట్టడం

బూట్ల ఆయుష్షును ఎక్కువగా హరించేది వాన కాదు, ఇంట్లోని పొయ్యి. తడిసిన జతను పొయ్యిగట్టు మీద పెట్టి ఆరబెట్టడం పల్లెల్లో అలవాటు. ఆ వేడికి అడుగును అంటించిన జిగురు వదులవుతుంది, స్పాంజి కుంచించుకుపోయి గట్టిపడుతుంది, పొర ఉన్న బూటైతే కుట్ల మీది పట్టీలు ఊడతాయి. ఇంటికి రాగానే బురద కడిగి, తాళ్లు వదులు చేసి, లోపలి అట్ట తీసి విడిగా నిలబెట్టాలి. బూటు నిండా పాత వార్తాపత్రిక ఉండలు చేసి కూరాలి. గంట తరువాత ఆ కాగితం తీసేసి మళ్లీ పొడి కాగితం పెట్టాలి. రెండవసారి పెట్టడమే చాలామంది మరచిపోయేది. ఆ తరువాత గాలి ఆడే నీడలో, ఫ్యాను ఉంటే దాని ఎదుట, మడమ పైకి వచ్చేలా గోడకు ఆనించి ఉంచాలి. జాలీ బూటు చాలావరకు మరునాటి పొద్దుటికి ఆరుతుంది. పొర బూటు కొన్నిసార్లు రెండు రోజులు తీసుకుంటుంది. కరెంటు ఉండీ లేని వానాకాలపు ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. పాలిథీన్ సంచిలో కట్టి పెట్టడం, మంచం కింద తోసేయడం బూజుకు పిలుపు. వేళ్ల సందులు పాచి, దురద పుట్టి వారం దాటినా తగ్గకపోతే బూటు మార్చడం కాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. అది శిలీంధ్రం కావచ్చు, మేజోళ్ల ద్వారా ఇంట్లో మిగతావారికీ అంటుకుంటుంది.

పరీక్షకు పిలుపు వచ్చాక కొత్త జత కొని నేరుగా మైదానానికి వెళ్లేవారిని ప్రతి నియామకంలోనూ చూడవచ్చు. ఏ బూటైనా కనీసం రెండు మూడు వారాలు పరుగెత్తి కాలికి అలవడ్డాకే పరీక్షకు వాడాలి. ఆ రోజు వాన కురిసే సూచన ఉంటే సంచిలో ఒక పొడి మేజోళ్ల జత, ఒక పాత తువ్వాలు, బూటు అడుగు గీరుకోవడానికి ఒక పుల్ల ఉంచుకోవాలి. వరుసలో గంటల తరబడి నిలబడేటప్పుడు పాత చెప్పులే తొడుక్కుని, పేరు పిలిచే ముందు మాత్రమే పొడి మేజోళ్లతో బూట్లలోకి కాళ్లు దూర్చాలి.